మూరన్నర లోతున వెలుగు

మెత్తని పగడాల మీద వెలిగే దీపం వాటికి తిండి పెడుతుంది. ట్యాంకుకు అందం తెచ్చేది ఆ తరువాత. సార్కోఫైటన్, సైనులేరియా, లోబోఫైటం, జీనియా వంటి సాఫ్ట్ కోరల్స్ కణజాలంలో జూజాంతెల్లే అనే ఏకకణ శైవలాలు లెక్కకు మించి కాపురముంటాయి. కిరణజన్య సంయోగక్రియలో అవి తయారుచేసుకున్న చక్కెరల్లో, కొవ్వుల్లో పెద్ద వాటా చోటిచ్చిన పగడానికే చేరుతుంది. బదులుగా పగడం విసర్జించే నత్రజని, భాస్వరం వాటికి ఎరువవుతాయి. వెలుగు చాలకపోతే ముందు పస్తులుండేది ఈ శైవలాలు. పగడం వాడిపోవడం ఆ తరువాత, కొన్ని వారాలకు గానీ కంటికి కనబడదు. దీపం తప్పు ఆలస్యంగా బయటపడటానికి ఇదే కారణం.

తెలుగు ఇళ్లలో పగడం అనగానే గుర్తొచ్చేది పుస్తెల తాడులో నల్లపూసల పక్కన గుచ్చే ఎర్ర పూస. అసలైన ఎర్ర పూస మధ్యధరా సముద్రంలో పెరిగే కోరాలియం రూబ్రం అనే జీవి అస్థిపంజరం. అదీ, అక్వేరియంలోని సార్కోఫైటన్ వంటి తోలు పగడమూ వరసకు జ్ఞాతులే: రెండింటి నోటి చుట్టూ ఎనిమిదేసి టెంటకిల్స్ ఉంటాయి. రాతి పగడాలకు మాత్రం ఈ లెక్క ఆరు చొప్పున నడుస్తుంది. అయితే ఎర్ర పగడంలో జూజాంతెల్లే ఉండవు. అది గుహల పైకప్పులకు, మసక లోతుల్లోని రాళ్లకు అంటుకుని, నీటిలో కొట్టుకొచ్చే నలుసులు తిని బతుకుతుంది. దుకాణాల్లో కళ్లు చెదిరే గులాబి, నారింజ రంగుల్లో కనిపించే డెండ్రోనెఫ్తియా కూడా ఆ కోవలోదే. దానికి ఎంత మంచి దీపం పెట్టినా ప్రయోజనం ఉండదు. రోజంతా సన్నని ఆహారం అందకపోతే ఆకలితో కరిగిపోతుంది. అందుచేత దీపాల ధరలు అడిగే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: కొనబోయే పగడం వెలుగు తినే రకమా, కాదా? చట్టం సంగతీ అప్పుడే చూసుకోవాలి. రాతి పగడాలు, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు, ఆర్గాన్ పైప్ పగడం, అగ్ని పగడాలు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోకి చేరాయి. వాటిని పట్టడం, అమ్మడం, కొనడం నేరం.

ఇక ఎండ సంగతి. ఉదాహరణకు మెదక్ జిల్లా ఎల్దుర్తిని తీసుకుంటే, అది సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన, దక్కన్ పీఠభూమి మీద ఉంది. ఎండకు మాత్రం అక్కడ కొదవ లేదు. సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం కావడంతో మే రెండో వారంలో ఒకసారి, జులై ఆఖర్న మరోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు. నిలువుగా పాతిన గుంజకు నీడ పడదు. ఆస్ట్రేలియా తూర్పు తీరపు గ్రేట్ బారియర్ రీఫ్ నడిమి భాగం భూమధ్యరేఖకు అటువైపు ఇంతే దూరంలో ఉంది. తెలుగు తీరానికీ ఎండ దండిగానే ఉంది. అయినా లక్షదీవుల్లో, మన్నారు సింధుశాఖలో, అండమాన్‌లో ఉన్నట్టు పెద్ద పగడపు దిబ్బలు అక్కడ పెరగలేదు. గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు, ఒండ్రు అందుకు ముఖ్య కారణాలు. పైన ఎంత కాచినా బురద నీటిలో వెలుగు అడుగుకు దిగదు.

ఎండ అంత ఉన్నప్పుడు ట్యాంకును కిటికీ పక్కన పెడితే సరిపోదా అనిపిస్తుంది. ఈ అక్షాంశంలో దక్షిణపు కిటికీ గుండా డిసెంబరు ఎండ గదిలోకి చొరబడుతుంది. మే నుంచి జులై దాకా సూర్యుడు నడినెత్తికి, ఇంకా ఉత్తరానికి జరిగిపోవడంతో అదే కిటికీలో మధ్యాహ్నం ఎండ పొడే ఉండదు. పైగా పక్కనుంచి పడే వెలుగు వైపుకు పగడాలు వాలిపోతాయి, అద్దానికి పాచి పడుతుంది, నీరు కాగుతుంది. ట్యాంకును నీడపట్టున పెట్టి, పైన దీపం వేలాడదీయడమే నిలకడైన పద్ధతి.

ఆ దీపాన్ని దేనితో కొలవాలి? శైవలాలకు వెలుగంటే ఫోటాన్ల వాన. వర్షమాపకంలో వాన కొలిచినట్టే, 400 నుంచి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఫోటాన్లు చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని పడుతున్నాయో లెక్కిస్తారు. ఈ కొలతకు పార్ అని పేరు, ప్రమాణం మైక్రోమోల్. ఒక మైక్రోమోల్ అంటే ఆరు పక్కన పదిహేడు సున్నాలు పెట్టినన్ని ఫోటాన్లు. ఉష్ణమండలంలో మిట్టమధ్యాహ్నపు ఎండ దాదాపు 2,000 మైక్రోమోళ్లు. మెత్తని పగడాలకు ఇందులో కొసరు చాలు. తోలు పగడాలకు స్థూలంగా 75 నుంచి 150. వాటితో కలిపి పెంచే డిస్కోసోమా అనే పుట్టగొడుగు పగడానికి 30 నుంచి 80. రోజుకు 10 గంటల చొప్పున 100 మైక్రోమోళ్లు అందితే దినసరి మొత్తం 3.6 మోళ్లవుతుంది. ఒక హద్దు దాటాక వెలుగు ఎంత పెంచినా కిరణజన్య సంయోగక్రియ పెరగదు. మిగిలిన శక్తి కణాల్లో హానికరమైన ఆక్సిజన్ రూపాలను పుట్టిస్తుంది. పగడం శైవలాలను బయటికి నెట్టేసి తెల్లబడుతుంది. వెలుగు తక్కువైన పగడానికి కొన్ని వారాల గడువుంటుంది, ఎక్కువైనదానికి కొన్ని రోజులే.

చాలామంది పార్ మీటరు ఖరీదు చూసి లక్సు మీటరుతోనో, ఫోన్లోని యాప్‌తోనో పని కానిస్తారు. మోసమంతా అక్కడే. లక్సు మనిషి కంటికి తగ్గట్టు తయారైన కొలమానం. కంటికి 555 నానోమీటర్ల పచ్చరంగు బాగా ఆనుతుంది. 450 దగ్గరి నీలం అందులో నాలుగు శాతం పాటి కూడా ఆనదు. ఎండలో 100 మైక్రోమోళ్లంటే దాదాపు 5,400 లక్సులు. అదే 100 మైక్రోమోళ్ల ముదురు నీలి ఎల్‌ఈడీ వెలుగు లక్సు మీటరు మీద 700 మాత్రమే చూపుతుంది. ఆ అంకెను నమ్మి దీపాన్ని పెంచుతూ పోతే పగడాలు మాడిపోతాయి. లీటరుకు ఇన్ని వాట్లన్న పాత సూత్రం కూడా ట్యూబులైట్ల కాలంతోనే చెల్లిపోయింది. మీటరు కొనలేకపోతే ఒక్కరోజు అద్దెకో, అరువుకో తెచ్చి, ట్యాంకులో పది చోట్ల కొలిచి, ఆ అంకెలు కాగితం మీద రాసిపెట్టుకోవడం మేలు.

నీలానికి ఇంత ప్రాధాన్యం రావడానికి కారణం జూజాంతెల్లేలోని రంగులు. వాటిలో పత్రహరితంలోని ఎ, సి2 రకాలతో పాటు పెరిడినిన్ అనే నారింజ వర్ణకం ఉంటుంది. ఈ మూడూ కలిసి 400 నుంచి 550 నానోమీటర్ల మధ్య వెలుగును బాగా పట్టుకుంటాయి. సముద్రం నేర్పిన అలవాటిది. నీరు ఎరుపును కొన్ని మీటర్లలోనే మింగేస్తుంది. తేటనీటిలో లోతుకు దిగగలిగేది నీలమే. పగడాల మెరుపు రంగులకూ ఈ నీలమే కావాలి. జెల్లీ చేపలోని పచ్చటి మెరుపు ప్రొటీను మీద చేసిన పనికి ఒసాము షిమోమురా, మార్టిన్ చాల్ఫీ, రోజర్ షిన్‌లకు 2008లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. దాని ఎర్ర బంధువు 1999లో దొరికింది డిస్కోసోమాలోనే. నీలి ఫోటాన్‌ను పట్టి పచ్చగానో, ఎర్రగానో తిరిగి వదిలే ప్రొటీన్లివి. అలాగని నీలం తప్ప ఇంకేమీ వెలగని ట్యాంకులో చేపలు వెలవెలబోతాయి, పగడం తెల్లబడుతున్నా కంటికి తెలియదు. ముదురు నీలం, నీలం కలిపి మూడింట రెండొంతులు, మిగతాది తెలుపు ఉండేలా పెట్టుకుంటే పగడానికీ చూసేవాళ్లకూ సరిపోతుంది. ఎరుపు ఎల్‌ఈడీ చిప్‌లు నామమాత్రంగా చాలు.

ఇక లోతు. మూరన్నర లోతు, అంటే సుమారు 68 సెంటీమీటర్ల నీరున్న ట్యాంకు అడుగుకు వెలుగు ఎందుకు తగ్గుతుంది? నీరు తాగేస్తుందన్నదే మామూలుగా వినబడే జవాబు. సముద్రం విషయంలో అది నిజం. ట్యాంకులో లెక్క వేసి చూస్తే వేరే సంగతి తేలుతుంది. స్వచ్ఛమైన నీటిలో 68 సెంటీమీటర్లు దిగేసరికి 650 నానోమీటర్ల ఎరుపు ఐదో వంతు, 700 దగ్గరిది మూడో వంతు తగ్గుతుంది. 450 దగ్గరి నీలం ఒక్క శాతం కూడా తగ్గదు. మన పగడాలకు కావలసింది ఆ నీలమే. మరి అడుగున చీకటెందుకు? దిగుడుబావిలోకి తొంగిచూస్తే కొంత జవాబు దొరుకుతుంది. బావి అడుగు చీకటిగా ఉండేది గాలి వెలుగును తాగినందుకు కాదు; అడుగునుంచి ఆకాశం చిన్న ముక్కగానే కనిపిస్తుంది కనుక. ట్యాంకులో కూడా తగ్గుదల ప్రధానంగా జ్యామితి పనే. దీపంనుంచి వెలుగు విచ్చుకుంటూ దిగుతుంది. ఎంత విచ్చుకుంటే అంత పలచబడుతుంది.

చుక్కంత దీపాన్ని నీటికి 20 సెంటీమీటర్ల పైన వేలాడదీశారనుకోవాలి. నీటిలోకి అడుగుపెట్టిన కిరణాలు వక్రీభవనం వల్ల నిలువుకు దగ్గరవుతాయి. అందుచేత 68 సెంటీమీటర్ల నీరు వెలుగు పరంగా సుమారు 51 సెంటీమీటర్ల గాలితో సమానం. దీపంనుంచి నీటిపైకి దూరం 20, అడుగుకు 71. దూరపు వర్గాన్ని బట్టి పలచబడుతుంది కనుక నీటిపైన 400 మైక్రోమోళ్లుంటే అడుగున 32 మిగులుతాయి: దాదాపు పన్నెండో వంతు. ఇప్పుడు అదే దీపాన్ని 40 సెంటీమీటర్లకు ఎత్తితే నీటిపైన 400 కాస్తా 100కు పడిపోతుంది. అడుగున 32 మాత్రం 20 దగ్గర ఆగుతుంది. దీపం బలాన్ని ఒకటిన్నర రెట్లకు కాస్త పైకి పెంచితే అడుగున మళ్లీ 32 వస్తుంది. పైన 165 దాటదు. లోతైన ట్యాంకుకు దీపం ఎన్నుకోవడంలోని కీలకమంతా ఈ లెక్కలో ఉంది. బలహీనమైన దీపాన్ని నీటికి ఆనించి పెడితే పైనున్న పగడం మాడుతుంది, కిందిది పస్తుంటుంది. కాస్త బలమైనదాన్ని ఎత్తుగా కడితే పైకీ కిందికీ మధ్య తేడా తగ్గుతుంది.

ఎత్తుగా కట్టిన దీపంనుంచి కొంత వెలుగు ట్యాంకు బయట పడి వృథా అవుతుంది. దాన్ని అదుపు చేసేవి ఎల్‌ఈడీ మీది కటకాలు. 120 డిగ్రీల వెడల్పు కటకం లోతులేని ట్యాంకుకు నప్పుతుంది. లోతైనదానికి 60 నుంచి 90 డిగ్రీలవి మేలు. మరీ ఇరుకు కటకాలు టార్చిలైటు వెలుగులా గుండ్రటి మచ్చలు వేస్తాయి. వృథాను తగ్గించే ఇంకో సాయం ట్యాంకు గోడలే చేస్తాయి. నీటిలోంచి బయటి గాలివైపు వెళ్లబోయే కిరణం గోడను ఏటవాలుగా తాకితే సంపూర్ణాంతర పరావర్తనం జరిగి లోపలికే తిరిగి వస్తుంది. గాలిలో నిలువుకు 60 డిగ్రీల లోపు వంపుతో నీటిపై పడ్డ వెలుగంతా ఈ విధంగా లోపలే చిక్కుకుంటుంది. బావి గోడలు వెలుగును తాగుతాయి. అద్దపు గోడలు అద్దాలుగానే పనిచేస్తాయి, పాచి పట్టనంత కాలం. అందుకే నిజంగా కొలిస్తే అడుగున పైలెక్క కన్నా కాస్త ఎక్కువే కనిపిస్తుంది.

నీటి రంగుకూ ఇందులో చిన్న పాత్ర ఉంది. మేత, వ్యర్థాలు కుళ్లగా మిగిలిన పదార్థాలు నెలల తరబడి పేరుకుని నీటికి లేత పసుపు డాలు తెస్తాయి. ఆ పసుపు మింగేది ముందుగా నీలాన్నే. తెల్ల బకెట్లో పోసి చూస్తే తప్ప అది కంటికి తెలియదు. యాక్టివేటెడ్ కార్బన్ సంచి వేస్తే ఒకట్రెండు రోజుల్లో నీరు తేటపడుతుంది. దాంతో పగడాల మీద పడే నీలం ఒక్కసారిగా పెరిగి అవి ముడుచుకుపోతాయి. కార్బన్ విషమని కొందరు పొరబడేది ఇక్కడే. దీపాన్ని కాస్త తగ్గించి, కార్బన్‌ను కొద్దికొద్దిగా వేస్తే ఈ తంటా ఉండదు. తోలు పగడాలు పొరుగు పగడాల మీదికి వదిలే టెర్పీన్ రసాయనాలను తగ్గించడానికి కూడా కార్బన్ కావలసిందే.

లోతును కొలవవలసింది ఇసుకదాకా కాదు, పగడందాకా. రాళ్లను మెట్లుగా పేర్చి సైనులేరియాను, సార్కోఫైటన్‌ను నడిమి ఎత్తున నిలబెడితే వాటికి ట్యాంకు లోతు మూర కూడా కాదు. డిస్కోసోమా కింది నీడల్లో హాయిగా పరుచుకుంటుంది. తెల్ల ఇసుక కొంత వెలుగును పైకి విసిరి కొమ్మల అడుగు భాగాలకు అందిస్తుంది. చేయి మోచేతి పైదాకా ముంచినా అడుగు అందని ట్యాంకులో ఈ అమరిక మొదటిరోజే సరిగా పెట్టుకోవడం అవసరం. తరువాత కదిలించడం పెద్ద పని.

దీపాల్లో రకాలు మూడు. మెటల్ హాలైడ్ చాలాకాలం లోతైన ట్యాంకులకు రాజులా వెలిగింది. ఒకేచోటనుంచి వచ్చే 250 వాట్ల బలమైన వెలుగు అడుగుదాకా దూసుకుపోతుంది, అలల మీద విరిగి ఇసుక మీద సముద్రంలో లాగే మెరుపుగీతలు ఆడిస్తుంది. దాని లోపం వేడి. మెదక్ ఎండాకాలంలో బయట 40 డిగ్రీలు దాటినప్పుడు, నీటిని 27 డిగ్రీల లోపు ఉంచవలసిన ట్యాంకు మీద రెండు హాలైడ్లంటే కుంపటి కింద మంచుముక్క పెట్టినట్టే. నీటిని చల్లబరిచే చిల్లరు కొనక తప్పదు. పైగా కరెంటు పోయి వస్తే వేడెక్కిన హాలైడ్ బల్బు వెంటనే వెలగదు. చల్లారేదాకా కొన్ని నిమిషాలు ఆగాలి. టీ5 ట్యూబులది మరో స్వభావం. వెలుగు పొడవాటి గీతనుంచి వస్తుంది కనుక ట్యాంకంతా మెత్తగా, నీడల్లేకుండా పరుచుకుంటుంది. మెత్తని పగడాలకు అది బాగా నచ్చుతుంది. అయితే మూరన్నర లోతుకు నాలుగడుగుల 54 వాట్ల ట్యూబులు ఆరు దాకా కావాలి, ప్రతిదానికీ విడిగా రిఫ్లెక్టరుండాలి, 9 నుంచి 12 నెలలకొకసారి మార్చాలి. పాతబడిన ట్యూబు కంటికి బాగానే వెలుగుతున్నా దాని వెలుగు పాళ్లు మారిపోయి ఉంటాయి.

ఇవాళ కొత్తగా కొనేవారికి ఎల్‌ఈడీయే సరైన ఎంపిక. 1993లో షూజీ నకమురా ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీ చేసి చూపారు. ఇసాము అకసాకి, హిరోషి అమానోలతో కలిసి 2014లో ఆయన భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్నారు. తెల్ల ఎల్‌ఈడీ అంటే నీలి చిప్‌కు పసుపు ఫాస్ఫర్ పూత పూసినదే కనుక పగడాలకు కావలసిన 450 నానోమీటర్లు దానిలోనూ ఉంటాయి. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, మూరన్నర లోతు ట్యాంకుకు మొత్తం 150 నుంచి 200 వాట్ల ఎల్‌ఈడీ సరిపోతుంది. దాన్ని ఒకే పెద్ద దీపంగా కాక రెండు మూడుగా పంచి వేలాడదీస్తే పగడాల వెనక నల్లటి నీడలు పడవు. నీలం, తెలుపు విడివిడిగా తగ్గించే వీలు లేని దీపాన్ని ఎంత చవకగా ఇచ్చినా కొనకపోవడమే మంచిది. పెట్టె మీద రాసే 14,000, 20,000 కెల్విన్ అంకెలు ట్యూబుల విషయంలో రంగు చెప్పడానికి పనికొచ్చాయి. రెండు మూడు రంగుల చిప్‌లు కలిపిన ఎల్‌ఈడీ విషయంలో వాటికి అర్థం తక్కువ.

కరెంటు బిల్లు చూస్తే తేడా ఇంకా తేటపడుతుంది. రోజుకు 9 గంటల లెక్కన 200 వాట్ల ఎల్‌ఈడీ నెలకు 54 యూనిట్లు, ఆరు టీ5 ట్యూబులు 87, రెండు 250 వాట్ల హాలైడ్లు 135 యూనిట్లు తాగుతాయి. హాలైడ్ వేడిని తోడేయడానికి చిల్లరు తాగేది ఇందులో చేరలేదు. ఓల్టేజీ ఎగుడుదిగుడులుండే చోట ఎల్‌ఈడీ డ్రైవరుకు ముందు స్టెబిలైజరు పెట్టుకోవాలి. ఇన్వర్టరు ఉంటే దానికి కలపవలసింది నీటిని కదిలించే పంపును. పగడాలు ఒకటి రెండు రోజులు చీకటిని తట్టుకుంటాయి. కదలని నీటిలో ఆక్సిజన్ గంటల్లో పడిపోతుంది.

కొత్త దీపాన్ని మొదటిరోజే పూర్తిగా వెలిగించకూడదు. సగం కన్నా తక్కువతో మొదలుపెట్టి మూడు నాలుగు వారాల్లో అనుకున్న పార్ అంకెకు చేర్చాలి. దుకాణం మసకలోంచి వచ్చిన కొత్త పగడాన్ని ముందు ఇసుక మీద ఉంచి, తరువాత మెట్టు మెట్టుగా పైకి జరపాలి. రోజుకు 8 నుంచి 10 గంటల వెలుగు, అందులో నడుమ అయిదారు గంటలే పూర్తి బలం; అటూ ఇటూ నీలం మాత్రమే. ఎల్దుర్తి ఆకాశంలో పగలు 11 గంటలకు పైనుంచి 13 గంటలకు పైదాకా మారుతుంది గానీ ఉదయం, సాయంత్రం ఎండ మెత్తనిది. దీపం గడియారం ఆ తీరును పోలి ఉంటే చాలు.

పగడం తన సంగతి తానే చెబుతుంది, కాస్త నిదానంగా. వెలుగు చాలని తోలు పగడం కాడ సాగదీసుకుంటుంది, గోధుమరంగు ముదురుతుంది; దొరికిన కొద్ది వెలుగును పట్టుకోవడానికి శైవలాలు రంగు పెంచుకోవడమే అందుకు కారణం. ఎక్కువైనది కుంచించుకుపోతుంది, పాలిపోతుంది, టెంటకిల్స్‌తో ఉండే పాలిప్స్ బయటికి రావు. అయితే సార్కోఫైటన్ కొన్నాళ్లకోసారి ముడుచుకుని, ఒంటిమీద మైనంలాంటి పొరను వదిలించుకుంటుంది. ఆ నాలుగైదు రోజులు దీపాన్ని ముట్టుకోకూడదు. ఆరోగ్యంగా ఉన్న పగడాన్ని దీపం మార్చి మార్చి పాడుచేసేది ఎక్కువగా ఈ రోజుల్లోనే. ట్యాంకునిండా పాచి పడితే నేరమంతా దీపం మీద మోపడమూ అలాంటిదే. శుద్ధి చేయని బోరునీళ్లలోని సిలికేట్లు, నైట్రేట్లు పాచికి కావలసినంత ఎరువిస్తాయి. ఆర్వో నీటితో ఉప్పునీరు కలుపుకున్న ట్యాంకులో అదే దీపం కింద అంత పాచి పట్టదు.

ఆ తరువాత మిగిలేది గుడ్డపని. పంపు చిమ్మే తుంపరలు ఆరి, మూత అద్దం మీదా, కటకాల మీదా తెల్లటి ఉప్పు పొర కడుతుంది. ఎల్‌ఈడీ వీపున ఉండే ఫ్యానులో దుమ్ము కూరుకుపోతుంది. ఉప్పు వెలుగును ఆపుతుంది, దుమ్ము చిప్‌ల ఆయుష్షు తగ్గిస్తుంది. వారానికోసారి దీపం ఆర్పి, చల్లారాక, ఆర్వో నీటిలో తడిపి పిండిన మెత్తని బట్టతో అద్దాన్నీ కటకాలనూ తుడవాలి. చాలారోజులు తుడవని అద్దాన్ని తళతళలాడించిన రోజున మాత్రం దీపాన్ని పదిశాతం తగ్గించి, మళ్లీ మెల్లగా పెంచాలి.